బడిపంతులి చేతికి ప్రాంతం వస్తే

1957 మార్చిలో కెన్యాలోని ఆఫ్రికన్లు తొలిసారి ఓటు వేసి ఎనిమిదిమందిని శాసనమండలికి పంపారు. అందరికీ ఓటు లేదు. చదువో ఆస్తో ఉద్యోగమో ఉన్నవాళ్ళకే ఉండేది. గెలిచిన ఎనిమిదిమందిలో సగానికి పైగా బడిపంతుళ్ళు. ఒగింగా ఒడింగా మసెనోలో పాఠాలు చెప్పారు. రోనాల్డ్ ఎన్గాలా సముద్రతీర ప్రాంతపు బడులకు హెడ్మాస్టరు. డేనియల్ అరప్ మోయ్ రిఫ్ట్ లోయలో పంతులు. పశ్చిమ కెన్యా నుంచి వచ్చిన మసిందె ములిరో కూడా బడి నుంచి వచ్చినవారే. సంఖ్యల్లో తేడా ఉండొచ్చు గానీ ఇదే దృశ్యం నైజీరియాలో, కామెరూన్‌లో, దహోమీలో, నైజర్‌లో, చాద్‌లో, మాలీలో కనిపిస్తుంది. స్వాతంత్ర్యం వచ్చేనాటికి సహారాకు దక్షిణాన చాలాచోట్ల ప్రజల తరఫున మాట్లాడినవాడు నిన్నటిదాకా సుద్దముక్క పట్టుకున్నవాడే.

వాళ్ళలో దేశాధ్యక్షులైనవాళ్ళ గురించి పుస్తకాలు చాలా వచ్చాయి. ప్రాంతీయ నాయకులుగానే మిగిలినవాళ్ళ మీద, అంటే ఒక పరగణాకో రాష్ట్రానికో ప్రతినిధిగా నిలిచి, రాజధానితో పేచీ పడుతూ జీవితం గడిపినవాళ్ళ మీద, పడవలసినంత వెలుగు పడలేదు. ఆ కథలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి అర్థమవుతుంది. పంతులు మంచివాడా, చెడ్డవాడా, పదవి రుచి మరిగాడా అన్న ప్రశ్నలతో ఈ చరిత్ర సగమే తెలుస్తుంది. ఆ ప్రాంతానికి సొంత ఖజానా ఉందా, చట్టం ఇచ్చిన సొంత అధికారం ఉందా అన్నది మిగతా సగం. నా లెక్కలో పెద్ద సగం అదే.

ముందు, పంతుళ్ళే ఎందుకు? వలస ప్రభుత్వాలకు గుమాస్తాలు, దుబాసీలు, బడిపంతుళ్ళు కావాలి. వకీళ్ళు, ఇంజినీర్లు అక్కర్లేదు. లండన్‌కో పారిస్‌కో పిల్లవాణ్ణి పంపి లా చదివించగల కుటుంబాలు ఏ కొద్దో ఉండేవి. తెలివైన పేదపిల్లవాడికి తెరిచి ఉన్న పెద్ద తలుపు ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఒక్కటే. ఫ్రెంచి పశ్చిమాఫ్రికా మొత్తానికి సెనెగల్‌లోని విలియం పాంటీ బడి, ఉత్తర నైజీరియాకు కట్సినా కళాశాల, యొరుబా దేశానికి ఓయోలోని సెయింట్ ఆండ్రూస్ కళాశాల, కెన్యా రిఫ్ట్ లోయకు తంబాచ్. ఒక తరం నాయకుల పేర్లు చూస్తే ఈ నాలుగైదు బడుల హాజరుపట్టీ చదివినట్టుంటుంది. మాలీ తొలి అధ్యక్షుడు మోదిబో కెయిటా, నైజర్ తొలి అధ్యక్షుడు హమానీ దియోరీ, దహోమీ తొలి అధ్యక్షుడు యూబెర్ మాగా ముగ్గురూ పాంటీ విద్యార్థులే.

ఊళ్ళోకి వచ్చాక ఆ పంతులికి నెలజీతం ఉంటుంది, దొరల భాష వస్తుంది. పన్ను ఎక్కువ వేశారని అర్జీ పెట్టాలంటే జనం అతని గుమ్మం ముందుకే వస్తారు. వచ్చిన పత్రికను చదివి చెప్పేది అతనే. పదేళ్ళు గడిచేసరికి ఊళ్ళోని పడుచువాళ్ళంతా అతని శిష్యులు. తెగపెద్దకు వారసత్వం ఉంది, దాంతోపాటు దొరకు చేయాల్సిన ఊడిగమూ ఉంది. పంతులికి ఆ రెండూ లేవు. జనం తన దగ్గరకు వస్తే అది తన చదువు వల్లే అని అతనికీ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

దీనికి తోడు కొలువు నిబంధనలు. టాంగన్యికాలో 1953లో ప్రభుత్వోద్యోగులు రాజకీయ సంఘాల్లో ఉండరాదని ఉత్తర్వు వచ్చింది. గుమాస్తాల, వైద్య సహాయకుల నోళ్ళు మూతపడ్డాయి. మిషన్ బడుల్లో పనిచేసేవాళ్ళకు కొంచెం వెసులుబాటు మిగిలింది. అది కూడా ఎంతోకాలం కాదు. పూగూ కథలిక్ బడిలో చెబుతున్న జూలియస్ న్యెరెరె 1955లో ఉద్యోగమో రాజకీయమో తేల్చుకోవలసి వచ్చి ఉద్యోగం వదులుకున్నారు. ఫ్రెంచి రాజ్యంలో పంతుళ్ళు సర్కారు నౌకర్లు, అందుకని అక్కడ ఆయుధం బదిలీ. మోదిబో కెయిటాను 1950లో టింబక్టూ పక్కన కబారాలో సంచార జాతుల పిల్లలకు బడి పెట్టమని పంపేశారు. నోరున్న పంతుల్ని ఎడారి అంచుకు నెట్టడమే అందులోని ఉద్దేశం.

ఉపాధ్యాయ సంఘాల పాత్రను కూడా తక్కువగా అంచనా వేయకూడదు. నైజీరియా ఉపాధ్యాయ సంఘం 1931లో పుట్టింది. తొలి అధ్యక్షుడు, తర్వాత అబెయొకుటా గ్రామర్ స్కూలు ప్రిన్సిపాల్ అయిన రెవరెండ్ ఇజ్రాయెల్ ఒలుదొతున్ రాన్సమ్ కుటి. రాజకీయ పార్టీలు ఇంకా కళ్ళు తెరవని రోజుల్లో ఊరూరా శాఖలు, చందా పుస్తకం, వార్షిక మహాసభ, తీర్మానాలు నడిపిన అనుభవం ఈ సంఘానిదే. పార్టీ కట్టడం ఎలాగో పంతుళ్ళు అక్కడ నేర్చుకున్నారు.

ఈ విషయం మీద వచ్చిన రాతలు ప్రధానంగా మూడు తీరులవి. నాయకులే రాసుకున్న ఆత్మకథల్లో, వాళ్ళ అభిమానులు రాసిన జీవిత చరిత్రల్లో పంతులు చీకట్లో దీపం పట్టినవాడు. 1960లలో పరిశోధకులు వేరే కోణం తీసుకున్నారు. దక్షిణ నైజీరియా మీద డేవిడ్ అబెర్నెతి 1969లో వెలువరించిన గ్రంథం అందులో ముఖ్యమైనది. అందరికీ చదువు అన్న హామీ ఓట్లు తెస్తుంది, కానీ బడి దాటి బయటికి వచ్చిన లక్షలమందికి కొలువులు లేకపోతే అదే హామీ పాలకుడి మెడకు చుట్టుకుంటుంది అని ఆయన వాదించారు. మూడోది నవలాకారుల చూపు. 1966లో వచ్చిన చినువా అచెబె నవల ‘ఎ మ్యాన్ ఆఫ్ ద పీపుల్’లో అవినీతి మంత్రి నాంగా ఒకప్పటి బడిపంతులే. కథ చెప్పే యువకుడు ఓడిలి ఆయన పాత విద్యార్థి, తానూ ఇప్పుడు పంతులే. గురువు మంత్రి అయి చెడిపోయాడు, శిష్యుడు అతనిపై పోటీకి దిగాడు. ఆ ఏడాది జనవరిలోనే నైజీరియాలో తొలి సైనిక కుట్ర జరగడంతో నవలకు జోస్యం చెప్పినంత పేరు వచ్చింది.

అచెబెను నేను తప్పు పట్టను. నాంగాలు చాలామంది ఉన్నారు. అయితే నాంగాను తలుచుకున్నప్పుడల్లా ఇంకో మనిషిని కూడా తలుచుకోవాలి. ఆయన పేరు మైకేల్ అడెకున్లె అజాసిన్.

అజాసిన్ 1908లో పశ్చిమ నైజీరియాలోని ఓవో పట్టణంలో పుట్టారు. సెయింట్ ఆండ్రూస్‌లో శిక్షణ పొంది చాలా ఏళ్ళు మిషన్ బడుల్లో పనిచేశారు. ముప్పై అయిదేళ్ళ వయసులో సియెర్రా లియోన్‌లోని ఫోరా బే కళాశాలకు వెళ్ళి బి.ఏ. చేశారు. ఆపైన లండన్ విద్యా సంస్థలో డిప్లొమా. 1947లో స్వస్థలానికి తిరిగి వచ్చి ఇమాడె కళాశాల ప్రిన్సిపాల్ అయ్యారు. తన కింది ఉపాధ్యాయుల్ని పైచదువులకు పంపడం మీద ఆయనకు చాలా పట్టుదల. ఒబఫెమి అవొలొవొ నాయకత్వంలోని యాక్షన్ గ్రూప్ పార్టీని 1951 ఏప్రిల్‌లో జనం ముందు ప్రకటించింది ఓవో ఊళ్ళోనే. ఆ పార్టీ విద్యావిధాన పత్రం రాసిన చెయ్యి అజాసిన్‌ది.

ఆ పత్రాన్ని అమలు చేసే పని ఇంకో ప్రిన్సిపాల్ మీద పడింది. మొలుసి కళాశాల నుంచి వచ్చి పశ్చిమ ప్రాంత విద్యామంత్రి అయిన స్టీఫెన్ అవొకొయ 1952 జులైలో ప్రణాళికను సభ ముందు పెట్టారు. ప్రాథమిక చదువును ఎనిమిదేళ్ళ నుంచి ఆరేళ్ళకు తగ్గించి, ఫీజు ఎత్తేసి, ప్రతి పిల్లవాణ్ణీ బడిలో చేర్చాలన్నది సంకల్పం. అందుకు డబ్బు కావాలి కాబట్టి తలపన్నుపై అదనపు వడ్డన వేశారు. జనం ఎదురుతిరిగారు. 1954 ఫెడరల్ ఎన్నికల్లో యాక్షన్ గ్రూప్ తన సొంత ప్రాంతంలోనే ప్రత్యర్థి నాయకుడు అజికివె పార్టీ చేతిలో ఓడిపోయింది. చాలా ప్రభుత్వాలు అక్కడితో ఆగిపోయేవి. వీళ్ళు ఆగలేదు. 1955 జనవరి 17న బడులు తెరిచారు. ముందటి ఏడాది నాలుగున్నర లక్షల చిల్లర ఉన్న పిల్లల సంఖ్య ఒక్కసారిగా ఎనిమిది లక్షలు దాటింది.

ఆ సంవత్సరాన్ని నేను మనసులో చాలాసార్లు ఊహించుకున్నాను. తాటాకు పాకలు, మట్టిగోడలు, పూర్తి శిక్షణ లేని పంతుళ్ళు, ఒకే తరగతిలో కిక్కిరిసిన పిల్లలు. నాణ్యత పడిపోయిందని అప్పుడే విమర్శలు వచ్చాయి. ఆ విమర్శల్లో నిజం ఉంది. కానీ బడి గడప తొక్కే అవకాశమే లేని కోకో రైతుల ఆడపిల్లలూ మగపిల్లలూ లోపలికి వచ్చారన్నది అంతకంటే పెద్ద నిజం. ఇప్పటికీ పశ్చిమ నైజీరియాలో ఆ తరంవాళ్ళు తమను తాము ఉచిత విద్య పిల్లలుగా చెప్పుకుంటారు.

ఇది పంతుళ్ళ ఆదర్శం ఒక్కదాని వల్ల జరగలేదు. రెండేళ్ళ తర్వాత, 1957లో, తూర్పు ప్రాంతం కూడా అదే పథకం మొదలుపెట్టింది. అక్కడా చదువుమీద ఆరాటానికి లోటు లేదు, నిజానికి ఇంకా ఎక్కువ. ఏడాది తిరగకముందే ఖజానా ఖాళీ అయింది. 1958లో ఫీజులు మళ్ళీ పెడితే ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. తేడా ఎక్కడుంది? పశ్చిమానికి కోకో ఉంది. కోకో మార్కెటింగ్ బోర్డు యుద్ధకాలం నుంచి రైతుకు తక్కువ చెల్లించి పోగేసిన నిల్వల్లో పెద్ద వాటా ప్రాంతీయ ప్రభుత్వం చేతికి వచ్చింది. బడ్జెట్‌లో నలభై శాతం దాకా చదువుకే పెట్టగలిగారు. కోకో రైతు తనకు తెలియకుండానే తన పిల్లవాడి చదువుకు ముందే కట్టేశాడన్నమాట. ఆ సొమ్ము లాగోస్‌లోని కేంద్రానికి పోకుండా ప్రాంత రాజధాని ఇబాదాన్‌లో ఆగింది కాబట్టి పంతులు రాసిన కాగితం బడి అయింది.

అదే ప్రాంతంలో, అదే పార్టీలో ఎదిగిన ఇంకో పంతులు శామ్యూల్ అకింతోలా. లాగోస్ బాప్టిస్ట్ అకాడమీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పారు. యొరుబా భాషలో ఆయనంత చమత్కారంగా మాట్లాడేవాడు లేడని పేరు. 1959లో అవొలొవొ తర్వాత ప్రాంత ప్రధాని అయ్యారు. పార్టీ చీలింది, 1962లో కేంద్రం ఎమర్జెన్సీ విధించింది, 1965 ప్రాంతీయ ఎన్నికల్లో బాహాటంగా రిగ్గింగు జరిగి పశ్చిమం తగలబడింది. 1966 జనవరి 15న సైనికులు ఆయన్ని చంపారు. అదే రాత్రి ఫెడరల్ ప్రధాని అబూబకర్ తఫావా బలేవా, ఉత్తర ప్రాంత ప్రధాని అహ్మదు బెల్లో కూడా బలయ్యారు. బలేవా బౌచీ మిడిల్ స్కూలు పంతులు, బెల్లో సొకోటో మిడిల్ స్కూలు పంతులు. ఒక్క రాత్రిలో ఒక వృత్తి నుంచి వచ్చిన ముగ్గురు పాలకులు నేలకొరిగారు.

అజాసిన్ ఆ కాలమంతా ఫెడరల్ సభలో సభ్యుడు. 1963లో ఓవో హైస్కూలు స్థాపించి, సైనిక పాలన ఏళ్ళలో దాన్నే నడుపుకున్నారు. 1979లో పౌర ప్రభుత్వం తిరిగి వచ్చినప్పుడు డెబ్భై ఏళ్ళ వయసులో ఒండో రాష్ట్ర గవర్నరుగా ఎన్నికయ్యారు. అవొలొవొ పార్టీ గెలిచిన అయిదు రాష్ట్రాల్లో మళ్ళీ ఉచిత విద్య, ఈసారి అన్ని స్థాయుల్లోనూ. 1982లో ఒండో రాష్ట్రానికి సొంత విశ్వవిద్యాలయం పెట్టారు. పైకి చూస్తే 1955 కథే తిరిగి వచ్చినట్టుంటుంది. కానీ లోపల అంతా మారిపోయింది. పాత పశ్చిమ ప్రాంతం ఇప్పుడు ముక్కలైంది. కోకో స్థానంలో చమురు వచ్చింది, చమురు సొమ్ము కేంద్రానిది. నెలనెలా కేంద్రం పంచే వాటా మీదే రాష్ట్రం బతకాలి. 1980ల మొదట్లో చమురు ధర పడేసరికి దేశమంతటా రాష్ట్రాలు జీతాలకు తడుముకున్నాయి. 1955లో అజాసిన్ కాగితం వెనక సొంత సొమ్ము ఉంది, 1982లో ఆయన సంతకం వెనక అది లేదు.

1983 ఎన్నికల్లో ఆయన ఉప గవర్నరే అవతలి పార్టీలోకి పోయి పోటీ చేశారు. ఆ ఉప గవర్నరే గెలిచారని ప్రకటించగానే ఒండో రాష్ట్రం భగ్గుమంది. ఇళ్ళు కాలిపోయాయి, ప్రాణాలు పోయాయి. న్యాయస్థానం ఆ ఫలితాన్ని తిరగరాసి అజాసిన్‌కు పదవి ఇచ్చింది. మూడు నెలలకే సైన్యం వచ్చింది. గవర్నర్లందరినీ జైల్లో వేసి అవినీతిపై విచారించారు, అజాసిన్ నిర్దోషిగా తేలారు. 1993 అధ్యక్ష ఎన్నికను సైన్యం రద్దు చేశాక ఏర్పడిన జాతీయ ప్రజాస్వామ్య కూటమికి ఎనభై అయిదేళ్ళ వయసులో ఆయనే పెద్దదిక్కు. ఆ కూటమి కోరికల్లో నిజమైన ఫెడరల్ వ్యవస్థ ఒకటి. 1997 అక్టోబరులో, అబాచా సైనిక పాలన ఇంకా సాగుతుండగానే కన్నుమూశారు.

ఉత్తర నైజీరియాలో అమిను కానో కథ ఇంకో పాఠం. బలేవాతో పాటు లండన్‌లో చదివి వచ్చిన ఈ పంతులు ఉత్తరాది ఉపాధ్యాయుల సంఘం కట్టారు, 1950లో ఎమీర్ల పెత్తనానికి ఎదురు నిలిచిన పార్టీలోకి దూకారు. ఒకే పెద్ద ఉత్తర ప్రాంతంగా ఉన్నంతకాలం ఆయన పార్టీకి అధికారం దక్కలేదు. 1967లో ప్రాంతాలను పన్నెండు రాష్ట్రాలుగా విడగొట్టాకే కానోలోని పేదల ఓటుకు విలువ వచ్చింది. 1979లో కానో, కదునా రాష్ట్రాల్లో ఆయన పార్టీవాళ్ళు గవర్నర్లయ్యి, తలపన్నునూ పశువుల పన్నునూ రద్దు చేశారు. ఉత్తరాది పేదవాడి నడుం వంచిన పన్నులవి. ప్రాంతం సరిహద్దు ఎక్కడ గీస్తారన్నది కూడా ఎవరి గొంతు వినిపిస్తుందో నిర్ణయిస్తుంది.

ఇక కామెరూన్. నాకు అన్నిటికంటే బాధ కలిగించే కథ జాన్ ఎన్గు ఫోంచాది. బమెండా దగ్గర 1916లో పుట్టి, కథలిక్ బడుల్లో పంతులుగా పనిచేసిన మనిషి. బ్రిటిషువాళ్ళు నైజీరియాతో కలిపి పాలించిన దక్షిణ కామెరూన్స్ ఆయన ప్రాంతం. అక్కడి రాజకీయాల్లో మొదట పెద్ద నాయకుడు ఎండెలీ అనే డాక్టరు. ఆయన నైజీరియా వైపు మొగ్గడంతో ఫోంచా 1955లో వేరు పార్టీ పెట్టి, 1959లో ఆయన్ని ఓడించి ప్రధాని అయ్యారు. 1961 ఫిబ్రవరి 11న ఐక్యరాజ్యసమితి ప్రజాభిప్రాయం అడిగింది. నైజీరియాలో కలుస్తారా, ఫ్రెంచి కామెరూన్ గణతంత్రంలో కలుస్తారా అని రెండే ప్రశ్నలు. విడిగా ఉంటామనే దారి ఇవ్వలేదు. 2,33,571 మంది కామెరూన్ అన్నారు, 97,741 మంది నైజీరియా అన్నారు.

కలయిక షరతులు తేల్చడానికి జులైలో ఫుంబాన్ సభ జరిగింది. కామెరూన్ గణతంత్ర అధ్యక్షుడు అహిజో రాజ్యాంగ ముసాయిదా సిద్ధం చేసుకుని వచ్చారు. ఫోంచా బృందం కొద్ది రోజుల్లో సవరణలు సూచించి ఒప్పుకుంది. వదులుగా అల్లిన సమాఖ్యలో తన ప్రాంతం తన బడులు, తన కోర్టులు, తన పద్ధతులు నిలుపుకుంటుందని ఫోంచా నమ్మారు. పేరుకు సమాఖ్యే. తీరా కాగితం చూస్తే ప్రాథమిక విద్య మాత్రం రాష్ట్రానికి మిగిలింది, మాధ్యమిక విద్య, సాంకేతిక విద్య కేంద్రం జాబితాలోకి పోయాయి. ఒక పంతులు నడిపే రాష్ట్రం చేతిలోంచి ఉన్నత పాఠశాలలు జారిపోయాయి. కస్టమ్స్ ఆదాయం కేంద్రానికి పోయింది. 1962లో పౌండు పోయి ఫ్రాంకు వచ్చింది. ఆ తర్వాత బ్రిటన్‌లో అరటిపళ్ళకు ఉన్న సుంకపు రాయితీ పోయింది, తోటల మీద బతికిన ప్రాంతానికి అది గట్టి దెబ్బ. రాష్ట్ర ప్రధాని ఒకవైపు, కేంద్రం నియమించిన ఫెడరల్ ఇన్‌స్పెక్టర్ ఇంకోవైపు. పోలీసులు ఎవరి మాట వింటారో జనానికి త్వరలోనే అర్థమైంది.

ఫోంచా తర్వాత 1965లో ఆగస్టీన్ న్గోమ్ జూవా, 1968లో సాలమన్ తాండెంగ్ మునా ప్రధానులయ్యారు. ఇద్దరూ మాజీ పంతుళ్ళే. జూవా రాష్ట్ర హక్కుల కోసం గట్టిగా మాట్లాడేవారు, అందుకే ఎంతోకాలం ఉండనివ్వలేదు. మునా కేంద్రంతో సర్దుకుపోయారు. 1966లోనే దేశం ఏకపార్టీ అయింది. 1970లో దేశ ఉపాధ్యక్షుడిగా ఉన్న ఫోంచాను తప్పించి ఆ పదవి మునాకు ఇచ్చారు. 1972 మే 20న రెఫరెండం పెట్టి సమాఖ్యనే రద్దు చేశారు. ముగ్గురు పంతుళ్ళు, మూడు రకాల స్వభావాలు, ఒకే ముగింపు. ఇక్కడ మనుషుల గుణగణాలు తూచి లాభం లేదు. ఖజానా లేని ప్రాంతానికి ప్రధానిగా ఎవరున్నా జరిగేది అదే. ఆ షరతుల మీద సంతకం పెట్టిన బాధ్యత మాత్రం ఫోంచాదే, ఆయన ప్రాంతంవాళ్ళు ఆ మాట ఇప్పటికీ అంటారు.

ఆయన దాన్ని మోయడానికి వెనుకాడలేదు. 1990 మే 26న బమెండాలో ప్రతిపక్ష పార్టీ ప్రారంభ సభ తర్వాత సైనికుల కాల్పుల్లో ఆరుగురు చనిపోయారు. వృద్ధుడైన ఫోంచా పాలక పార్టీకి రాజీనామా చేసి, తన ప్రజలకు జరిగిన అన్యాయాలన్నీ అధ్యక్షుడు పాల్ బియాకు లేఖగా రాశారు. 1995లో మునాతో కలిసి ఐక్యరాజ్యసమితికి వెళ్ళారు. పాత ప్రత్యర్థులిద్దరూ ముసలితనంలో ఒకే అర్జీ పట్టుకుని నిలబడ్డారు. 1999లో ఫోంచా పోయారు.

2016 అక్టోబరులో ఆ ప్రాంతపు లాయర్లు వీధుల్లోకి వచ్చారు, నవంబరులో ఉపాధ్యాయులు సమ్మెకు దిగారు. ఇంగ్లిషు పద్ధతి బడులకు ఫ్రెంచి మాత్రమే వచ్చిన ఉపాధ్యాయుల్ని పంపడం వాళ్ళ ఫిర్యాదుల్లో ముఖ్యమైనది. 1961లో కాగితం మీద జారవిడిచిన అధికారం యాభై అయిదేళ్ళకు తరగతి గదిలో తగవై లేచింది. ప్రభుత్వం నాయకుల్ని అరెస్టు చేసింది, ఇంటర్నెట్ ఆపేసింది. ఆ నిరసన సాయుధ పోరుగా మారాక వేర్పాటువాదులే బడులు మూయించారు, తెరిచిన పంతుళ్ళను ఎత్తుకుపోయారు. 2019 నాటికి ఎనిమిది లక్షలకు పైగా పిల్లలు బడికి దూరమయ్యారని యునిసెఫ్ లెక్క. పంతుళ్ళు కట్టిన రాజకీయం, పంతుళ్ళు మొదలుపెట్టిన నిరసన, చివరికి బడే లేని పిల్లలు. ఈ వరసను ఏ వాదంతోనూ సమర్థించలేం.

దహోమీలో మాగా సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. నతితింగులో బడి హెడ్మాస్టరు, 1951లో ఉత్తరాదివాళ్ళ పార్టీ కట్టారు, 1960లో అధ్యక్షుడయ్యారు, 1963లో సైన్యం దింపింది. దక్షిణాది నాయకులు ఇద్దరితో కలిసి 1970లో వంతులవారీ అధ్యక్ష పదవి అనే వింత ఏర్పాటు చేసుకున్నారు. 1972లో సైన్యం దాన్నీ చుట్టేసింది. అక్కడ ప్రాంతాలకు రాజకీయ నాయకులున్నారు గానీ ప్రాంతీయ ప్రభుత్వాలు లేవు. అందుకే ప్రతి పేచీ రాజధాని కుర్చీ కోసం పేచీ అయింది.

ఈ చరిత్రలో ఆడవాళ్ళ పుట వేరుగా చదవాలి. అబెయొకుటా గ్రామర్ స్కూల్లో చేరిన తొలి ఆడపిల్ల ఫున్మిలాయో రాన్సమ్ కుటి, తర్వాత అక్కడే ఉపాధ్యాయురాలు. బజారులో కూరలు, బట్టలు అమ్ముకునే ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పడంతో ఆమె పని మొదలైంది. ఆ తరగతుల్లోనే పన్నుల బాధలు బయటపడ్డాయి. ఆమె కట్టిన మహిళా సంఘం వేలమందితో రాజభవనం ముందు కూర్చుంది. 1949 జనవరిలో స్థానిక రాజు గద్దె దిగాడు, ఆడవాళ్ళ మీద విడిగా వేసిన పన్ను పోయింది. స్థానిక రాజకీయంలో ఇంతటి విజయం సాధించిన మగ పంతులు పశ్చిమాఫ్రికాలో నాకు కనబడడు. అయినా 1951లో ప్రాంతీయ సభకు పోటీ చేస్తే పరోక్ష ఎన్నిక మెట్లమీద ఓడిపోయింది, 1959లో సొంత పార్టీయే టికెట్ ఇవ్వలేదు. ఆమెకు జనం ఉన్నారు, విద్య ఉంది, పేరు ఉంది. పార్టీ కమిటీ గదిలో చోటు లేదు.

మళ్ళీ కెన్యాకు వస్తాను. నా వాదానికి అసలు పరీక్ష అక్కడే ఉంది. ఎన్గాలా, మోయ్, ములిరో 1960లో కాడు పార్టీ కట్టారు. పెద్ద జాతులైన కికుయు, లువో నాయకులు కాను పార్టీలో ఉన్నారు. చిన్న జాతులకు తమ భూములు పోతాయని భయం. అందుకని ప్రాంతాలకు అధికారాలు కావాలన్నారు, దానికి మజింబో అని పేరు. తెల్ల భూస్వాములు కొందరు తమ లెక్కలతో దీనికి మద్దతిచ్చారు, ఆ మచ్చ కాడు మీద మిగిలిపోయింది. కానీ ఎన్గాలా భయం అద్దెకు తెచ్చుకున్నది కాదు. 1949లోనే తన గిరియామా ప్రజల నేల, ఆచారాల గురించి స్వాహిలీలో చిన్న పుస్తకం రాసిన మనిషి ఆయన.

1963లో ఏడు ప్రాంతాలకు సభలు వచ్చాయి. తీరప్రాంత సభకు ఎన్గాలా, రిఫ్ట్ లోయ సభకు మోయ్ అధ్యక్షులు. కాను నాయకుడు కెన్యాటా నడిపిన కేంద్ర ప్రభుత్వం ప్రాంతాలకు నిధులు తొక్కిపట్టింది, సభ్యులు ఒక్కొక్కరే గట్టు దాటారు. 1964 నవంబరులో ఎన్గాలా పార్టీని రద్దు చేసి కానులో కలిపారు. తర్వాత మంత్రి అయ్యారు, 1972 డిసెంబరులో రోడ్డు ప్రమాదం వల్ల చనిపోయారు. మోయ్ 1967లో ఉపాధ్యక్షుడు, 1978లో అధ్యక్షుడు. ప్రాంతాల కోసం వాదించిన ఆ పంతులే 1982లో దేశాన్ని చట్టప్రకారం ఏకపార్టీ చేశారు. బడిపిల్లలకు ఉచితంగా పాలు పోయించారు, ఆ పాలు తాగిన తరం ఇప్పటికీ గుర్తు చేసుకుంటుంది. అదే పాలనలో 1997లో ఉపాధ్యాయులు జీతాల కోసం దేశమంతా సమ్మె చేశారు. టాంగన్యికా టాంజానియాలో భాగమయ్యాక, దాని అధ్యక్షుడిగా న్యెరెరె అంతటి నిజాయితీపరుడు కూడా 1972లో స్థానిక సంస్థల్ని రద్దు చేసి, పదేళ్ళ తర్వాత మళ్ళీ తెచ్చారు. రాజధానిలో కూర్చున్న పంతులు ప్రాంతంలోని పంతుల్ని నమ్మలేదు.

నా వాదానికి ఎదురుగా నిలిచే నిజం ఒకటుంది, దాన్ని దాటవేయలేను. 1990లలో బహుళపార్టీ ఎన్నికలు వచ్చినప్పుడు మోయ్ మనుషులు రిఫ్ట్ లోయలో అదే మజింబో నినాదం ఎత్తుకుని, బయటివాళ్ళు పోవాలన్నారు. 1991 నుంచి సాగిన దాడుల్లో వందలమంది చచ్చిపోయారు, లక్షలమంది నిరాశ్రయులయ్యారు. ప్రాంతానికి అధికారం కావాలన్న మాటలోనే ప్రాంతం ఎవరిది అన్న ప్రశ్న దాగి ఉంది. ఎన్గాలా రోజుల్లో అది రక్షణ కోసం అడిగిన మాట. ముప్పై ఏళ్ళకు అది ఇళ్ళు తగలబెట్టే మాట అయింది. అయితే ఆ రెండోసారి ప్రాంతీయ సభలు లేవు, ప్రాంతీయ ఖజానా లేదు, జవాబుదారీ ప్రాంతీయ నాయకుడూ లేడు. రాజధానిలోని అధికారమే స్థానిక భయాన్ని వాడుకుంది. కాబట్టి సరిహద్దులోపలి మైనారిటీకి రక్షణ లేకుండా ప్రాంతానికి బలం ఇవ్వమని ఎవరూ అడగకూడదు, రాజధాని చేతిలోనే అంతా ఉంచడం ఆ రక్షణ అనీ అనుకోకూడదు.

2010 రాజ్యాంగంతో కెన్యా నలభై ఏడు కౌంటీలకు గవర్నర్లను, సభలను ఇచ్చింది, దేశ రాబడిలో వాటాను చట్టంలో రాసింది. భూమి కోల్పోతామని భయపడిన చిన్న జాతులు చాలావాటికి మొదటిసారి సొంత బడ్జెట్ వచ్చింది. చదువు విషయంలో మాత్రం కౌంటీలకు దక్కినవి పసిపిల్లల బడులు, ఊరి వృత్తివిద్యా కేంద్రాలు. ప్రాథమిక, మాధ్యమిక బడుల పంతుళ్ళ నియామకం, బదిలీ, జీతం నైరోబీలోని ఉపాధ్యాయ సర్వీసు కమిషన్ చేతిలోనే ఉన్నాయి.